డీజిలు రుచి

ట్రాక్టర్ల షెడ్డు,
వరండా గది

ఆడపడుచు గారికి వదిన విన్నపం.

కవరు మీద నా చేతిరాత చూసి గుండె జారిపోయిందేమో, కంగారు పడకు, అందరం క్షేమమే. ఫోన్ చేయొచ్చుగా అంటావు. నీ వైండింగు షాపులో మోటార్ల మోత, ఇక్కడ ట్రాక్టర్ల మోత. ఇద్దరం గొంతు చించుకుని మాట్లాడుకుంటే వదినా మరదళ్లు జుట్లు పట్టుకున్నారని చుట్టుపక్కల వాళ్లు పరిగెత్తుకొస్తారు. పైగా మీ అన్నయ్యవి పాము చెవులు. ఆయన వినకూడని మాట ఒకటి నిన్ను అడగాలి.

మీ అన్నయ్య ఆసుపత్రి నుంచి వచ్చాక బాగానే తిరుగుతున్నారు. దగ్గు తగ్గింది, మాటకారితనం తగ్గలేదు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఏమందో నీకు పూర్తిగా చెప్పలేదు నేను. "డ్రమ్ములోంచి డీజిలు తీయడానికి గొట్టం నోట్లో పెట్టి పీలుస్తాడట కదమ్మా. ఈసారి ఊపిరితిత్తుల్లోకి కాస్తే పోయింది కాబట్టి మనిషి దక్కాడు. ఇంకోసారి పోతే నా దగ్గరికి తీసుకొచ్చి కూడా లాభం లేదు" అంది. మీ అన్నయ్య మాత్రం ఆ మాటలు పక్కమంచం వాడి గురించి అన్నట్టు అద్దంలో క్రాపు దువ్వుకుంటున్నారు.

అందుకని ఆయన్ని అడక్కుండా ఒక పంపు కొన్నాను. ఒంటిచేత్తో ఎత్తగలిగేంతే ఉంది. ఒక పక్క డ్రమ్ములో దించే గొట్టం, ఇంకో పక్క ట్రాక్టరు ట్యాంకులో పెట్టే గొట్టం, వెనక తోకల్లా రెండు తీగలు, వాటికి ఒక ఎర్ర క్లిప్పు, ఒక నల్ల క్లిప్పు. ఒంటి మీద పన్నెండు వోల్టులని రాసుంది. దాన్ని దేనికి తగిలించాలో, పొలంలో కరెంటు ఎక్కణ్ణుంచి తేవాలో నాకు తెలియదు. అమ్మినవాడు "చాలా ఈజీ మేడమ్" అన్నాడు. వాడికి ఈజీనే, అమ్మేశాడు కదా.

మీ అన్నయ్య దాన్ని చూసి, "ఈ బొమ్మా నా డ్రమ్ములు ఖాళీ చేసేది? డీజిలు మంచిదో కల్తీదో నోట్లో పడితేనే తెలుస్తుంది. దీనికి నాలుకుందా?" అన్నారు. ఆయన నాలుక సంగతి నీకు తెలుసుగా. నీళ్లు కలిసినా, కిరసనాయిలు కలిసినా ఒక్క గుక్క పీల్చి ఉమ్మేసి చెప్పేస్తారు. మన మూడు ట్రాక్టర్లకే కాదు, చుట్టూ ఉన్న డ్రైవర్లంతా డబ్బాలు పట్టుకుని ఈయన దగ్గరికే వస్తారు. ఆ గొప్పే ఈయన ప్రాణం మీదికి తెచ్చింది.

ఒక మంచి వార్త కూడా చెప్తాను. ఇన్నేళ్లూ ఉప్పు తక్కువైంది, కారం ఎక్కువైంది అని కంచం ముందు కోర్టు పెట్టిన మనిషి, ఆసుపత్రి నుంచి వచ్చాక ఏం పెట్టినా కిక్కురుమనకుండా తింటున్నారు. చావు తప్పి బుద్ధి వచ్చినట్టుంది!

మీ అన్న నోటికి కాపలా కాస్తున్న
వదిన

*

వైండింగు షాపు,
వెనక బల్ల

ట్రాక్టర్ల మహారాణి వదినకి,

నీ ఉత్తరం చదివి ముందు అన్నయ్య మీద కోపం వచ్చింది, తర్వాత పంపు కొన్న నీ చేతులకి దండం పెట్టాలనిపించింది. ఊపిరితిత్తుల మాట నా దగ్గర దాచినందుకు నీ మీద కోపం వేరే ఉంది, అది కలిసినప్పుడు తీర్చుకుంటాను.

పంపు సంగతి భయపడేంత లేదు. పన్నెండు వోల్టులంటే ట్రాక్టరు బ్యాటరీ. పొలంలో కరెంటు వెతుక్కోనక్కర్లేదు, అది ట్రాక్టరు బానెట్టు కిందే కూర్చుని ఉంది. ఇంజను ఆపించు. పంపు స్విచ్చి కూడా ఆపి ఉందో లేదో చూసుకో. ఎర్ర క్లిప్పు బ్యాటరీ మీద కూడిక గుర్తున్న కొమ్ముకి, నల్లది తీసివేత గుర్తున్న కొమ్ముకి పెట్టు. క్లిప్పులు గట్టిగా పట్టుకున్నాక అప్పుడు స్విచ్చి వెయ్యి. తీసేటప్పుడు ముందు స్విచ్చి ఆపి, తర్వాత నల్లది తీసి, ఆ తర్వాత ఎర్రది తియ్యి. ఎందుకు అంటావు, నీకు ప్రతిదానికీ ఎందుకు కావాలి కదా. క్లిప్పు తగిలేటప్పుడు చిన్న నిప్పురవ్వ లేస్తుంది. ఆ రవ్వ డ్రమ్ము మూతి దగ్గర లేవకూడదు. అందుకే బ్యాటరీ ఒక చోట, డ్రమ్ము దానికి దూరంగా ఇంకో చోట ఉండాలి.

డ్రమ్ము అడుగంటాక పంపుని ఉత్తినే తిప్పకు, లోపల అరిగిపోతుంది. ఒంటి మీద చెయ్యి పెట్టి చూడు, కాలుతుంటే కాసేపు విశ్రాంతి ఇవ్వు. అది మీ ఆయన కాదు, చెప్తే వింటుంది.

దూదిలో చుట్టి కొన్ని ఫ్యూజులు పంపుతున్నాను. ఎర్రతీగ మీద చిన్న డబ్బా ఉంటుంది, దాని లోపల ఉండేది ఇదే. ఎక్కడైనా తేడా వస్తే ముందు ఇది కాలి పంపుని కాపాడుతుంది.

అవునూ, ఏం పెట్టినా తింటున్నాడా? మన అన్నయ్యేనా? ఆసుపత్రిలో మనిషిని మార్చి పంపలేదు కదా?

వేళ్లకు వార్నిషు అంటిన
నీ మరదలు

*

ట్రాక్టర్ల షెడ్డు,
వరండా గది

ఇంజనీరు మరదలికి,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. తల ప్రాణం తోకకొచ్చింది.

బ్యాటరీకి డ్రమ్ము దూరంగా ఉండాలన్నావు. పంపు తీగలేమో మూరెడంతే. అందుకని కాలింగ్ బెల్లు బిగించినప్పుడు మిగిలిన తీగచుట్ట తెచ్చి అతికాను. ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లది, తప్పు చెయ్యలేదు. స్విచ్చి వేశాను. పంపు మూలిగింది. గొట్టంలోంచి డీజిలు చిన్నపిల్లాడి చొంగలా కారింది. తీగ ముట్టుకుంటే వేడి. మీ అన్నయ్య నులకమంచం మీద కూర్చుని, "ఆ ట్యాంకు నిండేసరికి పంట కోతకొస్తుంది" అన్నారు. పొడుగు డ్రైవరు పక్కకు తిరిగి నవ్వాడు. వీడు తాడిచెట్టంత ఉన్నాడు గానీ నా ఎదురుగా నవ్వే ధైర్యం లేదు.

అంతటితో అయిందా! అలా చొంగ కార్చుకుంటూనే ఎలాగో ట్యాంకు నింపాక ట్రాక్టరు స్టార్టు అవలేదు. ఆ పాత బ్యాటరీలో ఉన్న కాస్త ఓపిక పంపే తాగేసింది. ఇక తోయాల్సి వచ్చింది. మీ అన్నయ్య తోయడానికి లేస్తే నేను ఒంటికాలి మీద లేచాను. చివరికి నేనూ పొడుగు డ్రైవరూ తోస్తుంటే ఆయన స్టీరింగు దగ్గర కూర్చుని మమ్మల్ని ఉత్సాహపరిచారు.

దుక్కులు మొదలయ్యే రోజులు. ఈ పంపు పనిచెయ్యకపోతే ఆయన మళ్లీ గొట్టం అందుకుంటారు, నాకు తెలుసు. నేను ఎంతసేపని వెనకాల తిరగను? నిన్న నేను స్నానం చేసి వచ్చేసరికి ఆయన తువ్వాలు డీజిలు వాసన. అడిగితే "చేతులు తుడుచుకున్నాను" అన్నారు. అయి ఉండొచ్చు.

ఏదో ఒకటి చెయ్యవే.

వదిన

*

వైండింగు షాపు,
వెనక బల్ల

వదినా,

కాలింగ్ బెల్లు తీగా! చదివి ముందు నెత్తి కొట్టుకున్నాను, తర్వాత కడుపు పట్టుకుని నవ్వాను. తప్పు నాదే, తీగ లావు గురించి నేను చెప్పలేదు. పన్నెండు వోల్టుల బలం చాలా తక్కువ. సన్నతీగలో పొడుగు దూరం పంపితే దారిలోనే అయిపోతుంది. బిందె నిండా నీళ్లు తెచ్చి, దారంతా ఒలకబోసుకుని, ఇంట్లోకి అడుగున మిగిలినవి చేర్చినట్టు. ఆ ఒలికిన బలమే తీగలో వేడి.

లావు తీగ తెగ్గోసి, నా చేతులతో నేనే తయారు చేసి లారీ ఆఫీసులో వేశాను. బ్యాటరీ వైపు చివర క్లిప్పులూ వాటి పక్కనే ఫ్యూజూ ఉంటాయి. పంపు వైపు చివర చిన్న నల్లపెట్టె, అందులో రెండు ఇత్తడి స్క్రూలు. పంపు తీగలు వాటి కింద బిగించి మూత పెట్టు. ఇది డ్రమ్ము పక్కన ఉండే చివర కాబట్టి మూత ఎప్పుడూ తియ్యకు.

ఇంకొకటి. ట్రాక్టరు బ్యాటరీ జోలికి పోవద్దు. తీగతోపాటు ఒక బ్యాటరీ కూడా పంపుతున్నాను, ఒక పడవవాళ్లు మోటారుకి కొన్నది, వాళ్లు కొత్తది వేసుకుంటే నేను ఉంచుకున్నాను. దాన్ని మీ చేతిబండి మీద కట్టు. పని లేనప్పుడు షెడ్డులో చార్జింగు పెట్టు, పని ఉన్నప్పుడు బండి తోసుకుని పొలానికి పోతే సరి. ఏ ట్రాక్టరునీ అడుక్కోనక్కర్లేదు.

తువ్వాలు మాట రాసి, "అయి ఉండొచ్చు" అని వదిలేశావు. నీ అక్షరాలు అక్కడ వంకర పోయాయి. నాకు తెలియదనుకోకు.

మరదలు

*

ట్రాక్టర్ల షెడ్డు,
చెట్టు నీడన నిలబెట్టిన ట్రాలీ మీంచి

చిట్టీ,

నీ నోట్లో చక్కెర పొయ్య! పంపు పనిచేసింది. స్విచ్చి వెయ్యగానే గొట్టం గట్టిపడి, డీజిలు ధారగా దూకింది. నేను చేతులు కట్టుకుని నిలబడి ట్యాంకు నిండడం చూశాను. పొడుగు డ్రైవరు ఈల వేశాడు. వాడి ఈలకి నేను మురిసిపోయానంటే నా సంగతి అర్థం చేసుకో.

కానీ ఒక విడ్డూరం ఉంది. షెడ్డులో నేను పెడితే పనిచేసే పంపు, మీ అన్నయ్య పొలానికి తీసుకెళితే పనిచెయ్యదు. వెళ్లిన ప్రతిసారీ చేతిబండి తోసుకుంటూ తిరిగొచ్చి, "ఫ్యూజు పోయింది" అంటారు. చూస్తే నిజంగానే పోయి ఉంటుంది. కొత్తది వేసి నేను ఇక్కడ ట్యాంకు నింపితే చుక్క తేడా రాదు. నువ్వు పంపినవి అయిపోవచ్చాయి. పోనీ ట్యాంకు ఖాళీగా ఉందా అంటే నిండి ఉంటుంది. ఎలా నింపారంటే "ఏదోలే" అని నీళ్లు నములుతారు. ఆయన దగ్గర నిలబడితే డీజిలు వాసన. నేను ఏమీ అడగలేదు. అడిగితే ఏం చెప్తారో అని భయమేసింది.

ఇంకో మాట. మొన్న తొందరలో కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను. పొడుగు డ్రైవరు మొదటి ముద్దకే మొహం అదోలా పెట్టి, మంచినీళ్లు తాగి, మర్యాదకి మింగాడు. మీ అన్నయ్య రెండోసారి వడ్డించుకుని తిన్నారు. మొదట్లో మంచి వార్త అని నీకు రాశాను. ఇప్పుడు అలా అనిపించట్లేదు.

మరికొన్ని ఫ్యూజులు పంపించు.

వదిన

*

వైండింగు షాపు,
ముందు మెట్లు

వదినా,

షాపు మూసి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఇది నవ్వుతూ రాసే ఉత్తరం కాదు.

ఫ్యూజు ఊరికే పోదు. నువ్వు పెడితే నిలిచేది, ఆయన చేతిలో ప్రతిసారీ పోతుందంటే అది పోవడం కాదు, పోగొట్టడం. బ్యాటరీ క్లిప్పులు తీసేశాక నేను పంపిన నల్లపెట్టె మూత తీసి ఆ రెండు ఇత్తడి స్క్రూలూ చూడు. వాటి మీద నల్లగా కాలిన మచ్చ ఉంటుంది. ఆ రెంటినీ కలిపి స్క్రూడ్రైవరు అడ్డం పెడితే ఠప్పున మెరిసి ఫ్యూజు ఎగిరిపోతుంది. అన్నయ్య జేబులో చిన్న స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉంటుంది కదా, దాని మొన కూడా చూడు, కరిగి పూసలా అయి ఉంటుంది.

అదీ డ్రమ్ము పక్కన! డీజిలు పెట్రోలులా భగ్గుమనదు, నిజమే. కానీ ఎండకు కాగిన డ్రమ్ము, పక్కన నూనె ఓడే గుడ్డలు, వాటి మధ్య మెరుపు పుట్టిస్తాడా ఈ మహానుభావుడు? ఊపిరితిత్తులు సరిపోలేదని ఒళ్లు కాల్చుకుంటాడా? ఎదురుగా ఉంటే వయసులో పెద్దవాడని కూడా చూసేదాన్ని కాదు.

కోపం రాశాను, ఇప్పుడు కాస్త తగ్గింది. ఎందుకు చేస్తున్నాడో మాత్రం నాకు అందడం లేదు. పంతమా? పంపు మీద అసూయా? అన్నయ్య మొండివాడే గానీ పిచ్చివాడు కాదు. నువ్వు అరవకు. అరిస్తే మూసుకుపోతాడు. ఊరుకుని చూడు.

ఉప్పు సంగతి చదివి నాకూ మనసు మనసులో లేదు.

ఫ్యూజులు పంపుతున్నాను. పంపకపోతే ఆ రోజంతా గొట్టమే గతి అంటాడు కదా.

మరదలు

*

ట్రాక్టర్ల షెడ్డు,
వంటగది

నా చిట్టితల్లీ,

ఈ ఉత్తరం పొయ్యి పక్కన కూర్చుని రాస్తున్నాను. మీ అన్నయ్య నిద్రపోతున్నారు, మధ్యాహ్నం పూట ఎన్నడూ పడుకోని మనిషి. వానకి పని ఆగింది.

నువ్వు చెప్పినట్టే ఉంది. స్క్రూల మీద మచ్చలు, స్క్రూడ్రైవరు మొన మీద పూస. చూసి మళ్లీ ఎక్కడిది అక్కడ పెట్టాను. నోరు కుట్టేసుకున్నంత పనైంది, కానీ అరవలేదు.

ఒకరోజు పొద్దున్నే షెడ్డు వెనక్కి వెళితే ఆయన డ్రమ్ము దగ్గర నిలబడి ఉన్నారు. గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చారు, ఉమ్మేశారు. ట్యాంకూ లేదు, డబ్బా లేదు, ఆ డీజిలు ఎవరికీ పొయ్యడం లేదు. ఉమ్మేసి కళ్లు మూసుకుని నిలబడ్డారు, రావలసిన మనిషి కోసం చూస్తున్నట్టు. కాసేపాగి మళ్లీ పీల్చారు. అప్పటికి నాకు సగం అర్థమైంది. మిగతా సగం అర్థం చేసుకోవాలనిపించలేదు. గబగబా ఇంట్లోకి వచ్చేశాను.

ఈలోపు కొత్త డ్రమ్ము వచ్చింది. విత్తనాల వేళ, మబ్బు పట్టింది, మూడు ట్రాక్టర్లూ పొలంలోకి దిగాలి. పొడుగు డ్రైవరు అలవాటుగా, "అన్నా, ఒక్కసారి చూసి చెప్పు" అన్నాడు. నేను వద్దనేలోపు ఈయన గొట్టం అందుకుని పీల్చి ఉమ్మేసి, "పాలలా ఉంది, పోసుకోండి" అన్నారు. పోశారు. రెండు ట్రాక్టర్లు సాలు మధ్యలో దగ్గి ఆగిపోయాయి. మూడోది గట్టు దాకా కూడా వెళ్లలేదు. విప్పి చూస్తే నీళ్లు. డ్రమ్ము మూత వదులై, తెచ్చే దారిలోనే వాననీళ్లు దిగినట్టుంది. పొలం ఆయన మంచివాడు, పెద్దగా ఏమీ అనలేదు. "నువ్వు చూడలేదా అన్నా?" అని మాత్రం అడిగాడు. తిట్టి ఉంటే బాగుండేది. మీ అన్నయ్య మొహం చూడలేకపోయాను చిట్టీ.

ఇంటికొచ్చాక ఉప్పు లేని కూరే వడ్డించాను. ఈసారి కావాలనే. నేనూ ఆయన ఎదురుగా కంచం పెట్టుకుని అదే తిన్నాను.

"ఏమండీ, కూరలో ఉప్పు ఎలా ఉంది?" అన్నాను.

"బాగుంది."

"నేను వెయ్యలేదు."

చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఎన్నాళ్ల నుంచి వెయ్యట్లేదు?"

"మీకు ఎన్నాళ్ల నుంచి తెలియట్లేదు?"

కంచం పక్కకు జరిపారు. తర్వాత మెల్లగా చెప్పారు. "ఆసుపత్రిలో ఇచ్చిన మొదటి కాఫీ వేణ్నీళ్లలా ఉంది. ఆసుపత్రి కాఫీ అంతేలే అనుకున్నా. ఇంటికొచ్చి నీ కాఫీ తాగితే అదీ అలాగే ఉంది. వాసనా లేదు, రుచీ లేదు. నాలుక మొద్దుబారిపోయిందే."

"మరి ఆ డీజిలు ఎందుకండీ నోట్లో పెట్టుకోవడం? చచ్చిపోతారని చెప్పింది కదా ఆ డాక్టరమ్మ!"

"డీజిలంత ఘాటు ఇంకేముంది? రుచి తిరిగొస్తే ముందు దానికే వస్తుంది అనుకున్నా. రోజూ పొద్దున్నే చూసుకుంటున్నా. నీ పంపు పనిచేస్తే ఇంక గొట్టం నోట్లో పెట్టే సాకు ఏముంటుంది? డీజిలు చూడమని నన్నెవరు అడుగుతారు? ఒకసారి అడగడం మానేస్తే ఇంక నా దగ్గరికి ఎవరూ రారే."

అందుకటే ఫ్యూజులు కాల్చింది. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందో తెలియలేదు. ఇన్నాళ్లూ నేను వండింది ఆయనకి గడ్డి అయినా, మట్టి అయినా ఒకటే. అది తింటూ నా ఎదురుగా కూర్చుని బాగుంది, బాగుంది అన్నారు. నేనేమో బుద్ధి వచ్చిందని నీకు రాసి మురిసిపోయాను.

నాకు ఇంకేమీ తోచడం లేదు. ఆయన పోతారేమో అని ఒక భయం, ఇలా ముడుచుకుపోయి బతుకుతారేమో అని ఇంకో భయం. నువ్వు రాయి.

నీ వదిన

*

వైండింగు షాపు,
వెనక బల్ల

వదినా,

నీ ఉత్తరం చదివి ఒక మోటారు తప్పు చుట్టాను, విప్పి మళ్లీ చుట్టాను. రేపే అన్నయ్యని ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లు. రుచి సంగతి చెప్పించు. దాచడానికి ఇది దొంగతనం కాదు.

ఈ కింది ముక్క ఆయనకి చదివి వినిపించు. పారిపోతే తలుపు గడియ పెట్టి చదువు.

అన్నయ్యా, చిన్నప్పుడు నా పాలగ్లాసులోంచి ముందు ఒక గుక్క నువ్వు తాగి, వేడిగా ఉన్నాయో చల్లారాయో చెప్పి ఇచ్చేవాడివి. అందులో సగం నా మీద ప్రేమ, సగం పాల మీద ప్రేమ అని నాకు పెద్దయ్యాక తెలిసింది. అయినా నువ్వు చెప్పాకే తాగేదాన్ని. నీ నాలుకని ముందుగా నమ్మింది నేను. ఆ డ్రైవర్లంతా నా తర్వాతే. అది మొద్దుబారితే నాకు బాధగా ఉండదా? ఉంది. చాలా ఉంది. కానీ దాని కోసం నువ్వు పోతే, నాకు రుచిగల అన్నయ్యా మిగలడు, రుచిలేని అన్నయ్యా మిగలడు.

రుచి తిరిగొచ్చిందో లేదో చూసుకోవాలంటే ఇంట్లో ఉప్పు డబ్బా ఉంది కదరా అన్నయ్యా, డీజిలు డ్రమ్ము దేనికి? రోజూ పొద్దున్నే చిటికెడు నాలుక మీద వేసుకో. వచ్చిన రోజు నాకు ఫోన్ చెయ్యి. మోటార్లన్నీ ఆపి వింటాను.

డీజిలు చూడటానికి నీకొక వస్తువు పంపుతున్నాను. అడుగున గాజుకప్పు ఉన్న ఫిల్టరు. డ్రమ్ముకీ పంపుకీ మధ్య గొట్టంలో బిగించు. డీజిలు ముందు ఈ కప్పులోకి వచ్చి, తర్వాత పంపులోకి పోతుంది. నీళ్లుంటే కప్పు అడుగుకి దిగి నిలబడతాయి, కంటికి కనిపిస్తాయి. కింద మర తిప్పితే బయటికి పోతాయి. దాన్ని చూసే కన్ను కావాలి. ఊరికే చూస్తే అందరికీ ఒకేలా ఉంటుంది. ఏది నీరు, ఏది నురగ, ఏది మడ్డి అని చెప్పేవాడు నిలబడి చెప్పాలి. అది నువ్వే.

ఫ్యూజులు కూడా ఒక గుప్పెడు పెట్టాను. కాల్చాలనిపిస్తే కాల్చుకో. కాల్చిన ప్రతిసారీ నేను ఇంకొకటి పంపుతాను, మనిద్దరిలో ఎవరు ముందు అలిసిపోతారో చూద్దాం.

చిట్టి

*

ట్రాక్టర్ల షెడ్డు,
వరండా గది

చిట్టీ,

ఇన్నాళ్లు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. విత్తనాలు అయిపోయాయి, మొలకలు వచ్చాయి, ఇప్పటికి నడుం వాల్చే తీరిక దొరికింది.

డాక్టరమ్మ అంతా విని మీ అన్నయ్యని చెడామడా తిట్టింది. నేను మంచినీళ్లు తాగినంత హాయిగా విన్నాను. రుచి కొన్ని నెలల్లో రావొచ్చు, రాకపోవచ్చు అంది. డీజిలు నోటి దగ్గరికి పోతే మాత్రం ఎప్పటికీ రాదు అంది. ఆ చివరి మాటే పనిచేసింది, చచ్చిపోతావంటే భయపడని మనిషి మీద.

నీ ఉత్తరం చదివి వినిపించినప్పుడు పారిపోలేదు. పాలగ్లాసు దగ్గర, "సగం కాదు, దానికి లెక్కలు రావు, ముప్పావు వంతు పాల మీదే ప్రేమ" అన్నారు. కళ్లు తుడుచుకున్నది నేను చూడనట్టు ఊరుకున్నాను.

గాజుకప్పు ఆయనే బిగించారు. మొదటిసారి నింపుతుంటే పొడుగు డ్రైవరూ, పక్క పొలాల డ్రైవర్లూ చుట్టూ చేరారు. అందరి ముందూ మీ అన్నయ్య, "నాకు నోటి రుచి పోయిందిరా, అందుకే ఆ రోజు తప్పు చెప్పాను. ఇక మీదట కప్పు చూసి చెప్తా" అనేశారు. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో చేతిబండి పిడి పట్టుకున్న వేళ్లు చూసిన నాకు తెలుసు. ఎవరూ నవ్వలేదు. పొడుగు డ్రైవరు, "నోరు పోతే ఏందన్నా, కన్ను లేదా" అని తన డబ్బా ముందుకు జరిపాడు. ఇప్పుడు క్లిప్పులు ఆయనే పెడతారు. ఎర్రది, తర్వాత నల్లది, అప్పుడు స్విచ్చి. కప్పు నిండగానే ఆపి, ఎండ పడేట్టు మోకాళ్ల మీద వంగి, తల అటూ ఇటూ తిప్పి చూసి, అడుగున పూసల్లా చేరిన నీళ్లు వదిలేసి, "ఊఁ, పోసుకోండి" అంటారు. మునుపు ఒక్క క్షణంలో తేల్చేవారు. ఇప్పుడు ఎక్కువసేపు పడుతోంది, ఆ ఎక్కువసేపూ అందరూ నోరు మూసుకుని నిలబడుతున్నారు. అది ఆయనకి బాగా నచ్చినట్టుంది.

పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, ఉప్పు డబ్బా మూత తీసి, చిటికెడు నాలుక మీద వేసుకుని, తల అడ్డంగా ఊపి పనికి వెళ్లిపోతారు. నేను రోజూ పొయ్యి వైపు తిరిగి ఉంటాను గానీ చెవులు ఆ డబ్బా మీదే ఉంటాయి. ఇంకా రాలేదు చిట్టీ. వస్తుందనే నా నమ్మకం.

నిన్న అన్నం తింటూ, నన్ను చూసి, "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అడిగారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నేను అడగడమే గానీ ఆయన అడగడం లేదు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"కాస్త ఎక్కువైందండీ" అన్నాను.

ఆయన ముద్ద నములుతూ, తల పంకించి, "అనుకున్నా" అన్నారు.

ఇద్దరం పొరబోయేదాకా నవ్వుకున్నాం.

ఉత్తరం మడత పెట్టబోతుంటే, ఇటివ్వు అని లాక్కున్నారు. ఆయన ఉత్తరం రాయడం నేనెన్నడూ చూడలేదు. కింద ఏం గీకారో నువ్వే చదువుకో.

నీ వదిన

చిట్టీ, ఫ్యూజులు ఇంక పంపకు. పోయినసారి పంపినవి అలాగే ఉన్నాయి. అన్నయ్య.